పులికో గెలుపు, మేకకో గెలుపు

పాత గుళ్ల మండపాల్లో, ఊరి రచ్చబండల మీద, రాతిలో గీసిన ఒక త్రిభుజం తెలుగు నేలన చాలాచోట్ల కనిపిస్తుంది. శిఖరం నుంచి కిందికి జారే గీతలు, వాటికి అడ్డంగా సాగే గీతలు, అవి కలిసేచోట 23 కూడళ్లు. పులిజూదమన్నా, మేకా పులీ ఆటన్నా ఇదే. ఒకరివి 3 పులులు, రెండోవారివి 15 మేకలు. నాలుగు గులకరాళ్లు, గుప్పెడు చింతపిక్కలు దొరికితే ఆట మొదలైనట్టే. మేకలవారు ఎత్తుకొక మేకను కూడలిలో పెడుతూ పోతారు. పదిహేనూ దిగేదాకా ఏ మేకనూ కదపడానికి వీల్లేదు. పులి అలా కాదు. మేక అవతలి కూడలి ఖాళీగా ఉంటే చాలు, మీదుగా దూకి తినేస్తుంది. మేకకు తినడమూ లేదు, దూకడమూ లేదు. ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి, వెనక ఖాళీ మిగలకుండా చూసుకుని, మూడు పులులకూ అడుగు తీసే చోటు లేకుండా చేయడమొక్కటే వాటి పని. పులి లెక్కంతా తిన్న మేకలది, మేక లెక్కంతా మూసిన దారులది. ఒకే గీతల మీద ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు నిజానికి రెండు వేర్వేరు ఆటలు ఆడుతుంటారు.

ఈ రాతిగీతలో దాగిన తెలివి ఈనాటి ఒక ప్రశ్నకు పనికొస్తుంది. డార్క్ ఫాంటసీ టాక్టికల్ గేములనే తరహా ఒకటి పాతికేళ్లుగా బలపడింది. అందులో దయ్యాలూ మంత్రాలూ ఉంటాయి గానీ లోకాన్ని ఉద్ధరించే వీరుడు ఉండడు. ఆకలి, అంటురోగం, కిరాయి కత్తి, దారి పక్కన కుళ్లే శవం ఉంటాయి. ఆటగాడు పదిపన్నెండుమంది జట్టును గడి తర్వాత గడి లెక్క చూసుకుంటూ నడుపుతాడు. ఇలాంటి ఆటలోకి కొత్తగా ఏ పక్షాలు వస్తే బాగుంటుందన్న చర్చ వాటిని ప్రేమించేవాళ్ల మధ్య ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. గేములవాళ్లు వీటిని ఫ్యాక్షన్లంటారు. తెలుగులో ఆ మాట మీద సీమ ముఠా కక్షల నీడ పడింది కనుక ఇక్కడ పక్షాలనే అంటాను. చర్చలో వినిపించే జవాబులు ఎక్కువగా ముఖాల జాబితాలు: రక్తపిశాచాలు, బల్లిమనుషులు, నరకం నుంచి లేచొచ్చిన సేనలు. ఆటల చరిత్రనూ యుద్ధాల చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలేది వేరు. కాలానికి నిలిచిన పక్షం ప్రతిదీ గెలుపు అనే మాటకు ఒక కొత్త అర్థాన్ని తెచ్చింది. ఆ అర్థాల కోసం రాక్షసుల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం కంటే, నిజమైన సైన్యాల వెనక నడిచిన జనాన్నీ, వాటి కాళ్ల కింద నలిగిన జనాన్నీ చూడటం మేలు.

ముందు ఆటల సంగతి. చదరంగానికి మూలమైన చతురంగం 6, 7 శతాబ్దాల నాటికే మన దేశంలో ఉంది. ఏనుగు, గుర్రం, రథం, కాల్బలం అనే నాలుగు అంగాలు రెండు వైపులా సరిసమానం. పర్షియా మీదుగా, అరబ్బుల చేతుల మీదుగా యూరప్ చేరి, 15వ శతాబ్దం చివర అక్కడ మంత్రి స్థానంలోని రాణికి బోర్డంతా తిరిగే బలం వచ్చినప్పుడు కూడా, ఆ బలం ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. నలుపూ తెలుపూ రంగులే గానీ పక్షాలు కావు. ఉత్తర యూరప్‌లో మాత్రం పులిజూదానికి దూరపు చుట్టంలాంటి ఆట ఒకటి బతికింది. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1732లో లాప్‌లాండ్ యాత్రలో దాని నియమాలు రాసిపెట్టుకున్నాడు. పేరు తబ్లుట్. అడ్డంగా 9, నిలువుగా 9 గడుల బోర్డు నడుమ రాజు, చుట్టూ 8 మంది కాపలా, నాలుగు వైపులా ముట్టడించిన 16 మంది. రాజు బోర్డు అంచు చేరి తప్పించుకుంటే అతని గెలుపు, పట్టుబడితే శత్రువు గెలుపు. లిన్నేయస్ రాతల్లో రాజు వైపువాళ్లు స్వీడన్ వాళ్లు, ముట్టడించేవాళ్లు మస్కోవీ వాళ్లు. పావులకు జాతుల పేర్లు తగిలాయి గానీ ఆటకు ప్రాణం పోసింది ఆ పేర్లు కాదు. ఒకరు పారిపోవాలి, ఒకరు పట్టుకోవాలి అన్న తేడాయే పోసింది.

19వ శతాబ్దంలో యుద్ధ క్రీడ సైనికాధికారుల చేతికి వెళ్లింది. 1812లో ప్రష్యా రాజుకు రైస్విట్జ్ అనే అధికారి యుద్ధాన్ని బల్ల మీద ఆడే పద్ధతిని చూపాడు. అతని కొడుకు దాన్ని మెరుగుపరిచి 1824లో ప్రచురించిన క్రీగ్స్‌ష్పీల్ ప్రష్యా రెజిమెంట్లలో శిక్షణగా స్థిరపడింది. 8,000వ వంతుకు కుదించిన పటం, ఎర్ర దిమ్మెలు, నీలం దిమ్మెలు, పాచికలు, మధ్యలో ఒక నిర్ణేత. ఎదుటివాడి సేనల్లో మనకు కనిపించేవాటినే నిర్ణేత పటం మీద పెడతాడు, మిగతావి చీకట్లోనే ఉంటాయి. ఇక్కడ రెండు వైపులా ఒకే తుపాకులు, ఒకే గుర్రాలు. అయినా ఆట ఒకేలా ఉండదు, ఎందుకంటే ఇద్దరికీ అందిన ఆజ్ఞలు వేరు. ఒకడు వంతెన పట్టుకోవాలి, ఇంకొకడు సాయంత్రందాకా దాన్ని ఆపితే చాలు. ఆకారం మారకుండా లక్ష్యం ఒక్కటి మారినా రెండు పక్షాలు పుడతాయని ప్రష్యా అధికారులు ఆచరణలో చూపారు. 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' రాసి ఈ క్రీడను బొమ్మ సైనికులతో ఇళ్లలోకి తెచ్చినప్పుడు ఆ సూక్ష్మం కొంత వెనకపడింది. పిల్లల గది నేల మీద రెండు సేనలు మళ్లీ రంగుల తేడాతోనే ఎదురుపడ్డాయి.

ఫాంటసీ ఈ బల్ల మీదికి ఎక్కింది 1971లో. అమెరికాలో గ్యారీ గైగ్యాక్స్, జెఫ్ పెరెన్ మధ్యయుగ పోరాటాలకని 'చెయిన్‌మెయిల్' నియమాలు ప్రచురిస్తూ చివర ఒక ఫాంటసీ అనుబంధం జోడించారు. ఎల్ఫులు, మరుగుజ్జులు, ఓర్కులు, ట్రోలులు బొమ్మ సైనికుల పక్కన చేరారు. వాళ్లను ధర్మం, అరాచకం, తటస్థం అని మూడు వరుసల్లో నిలబెట్టారు. ధర్మానికీ అరాచకానికీ మధ్య ఆ పోరు పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ వంటి రచయితల కథల్లో అప్పటికే ఉంది. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్, 1983లో ఇంగ్లండు నుంచి వార్‌హామర్ ఈ దారినే వెడల్పు చేశాయి. వార్‌హామర్‌తో పక్షం అంటే ఒక జాతి, ఒక జెండా, ఒక బొమ్మల పెట్టె అయింది. దానివల్ల జరిగిన మేలును తక్కువ చేయను. ప్రతి పక్షానికీ ఒక చరిత్ర, ఒక వాస్తుశైలి, ఒక తిట్ల భాష వచ్చాయి. కానీ ప్రమాదం కూడా అక్కడే మొదలైంది. తేడా అంతా శరీరంలో పెట్టేశాక, కొత్త పక్షం అంటే కొత్త శరీరం, బలానికి ఒక అంకె ఎక్కువ, వేగానికి ఒక అంకె తక్కువ అనే అలవాటు పడిపోయింది. రెండు సేనలూ చివరికి చేసేది ఒకే పని, ఎదుటివాణ్ణి తుడిచిపెట్టడం.

ఆ అలవాటుకు గట్టి జవాబు వార్‌హామర్ ఇంటినుంచే 1999లో 'మార్డ్‌హైమ్' రూపంలో వచ్చింది. రెండు తోకల తోకచుక్క పడి ధ్వంసమైన నగరం, ఆ శిథిలాల్లో మెరిసే విషపు రాయి, దాన్ని ఏరుకుపోవడానికి వచ్చిన చిన్న చిన్న ముఠాలు. మూడు ప్రాంతాల కిరాయి సైనికులు, మంత్రగాళ్లను వేటాడేవాళ్లు, సన్యాసినులు, పూనకపు ఆరాధకులు, శవాల దండు, ఎలుకమనుషులు. ఇందులో అసలు సంగతి పోరు ముగిశాక ఉంది. పడిపోయిన ప్రతివాడికీ పాచికలు వేయాలి. ఒకడికి కన్ను పోతుంది, ఒకడు కుంటివాడవుతాడు, ఒకడు శత్రువుకు బందీ అవుతాడు, ఒకడు ఏమీ కాకుండా లేచి వస్తాడు. తర్వాత దొరికిన రాళ్లు అమ్ముకోవాలి, ఆ డబ్బుతో జట్టును పోషించుకోవాలి. ఓడి ప్రాణాలతో, నాలుగు రాళ్లతో బయటపడ్డ ముఠా, గెలిచి ముగ్గుర్ని పోగొట్టుకున్న ముఠా కంటే మెరుగైన స్థితిలో ఉండొచ్చు. గెలుపు అనే మాట కదిలింది. డార్క్ ఫాంటసీకి ఆ పేరు సార్థకమైంది నల్లరంగు కవచాల వల్ల కాదు, ఈ చిట్టా వల్ల.

జర్మనీలోని హాంబుర్గ్‌లో ఒక చిన్న బృందం తయారుచేసి 2017లో విడుదల చేసిన 'బ్యాటిల్ బ్రదర్స్' ఆ చిట్టాను కంప్యూటర్‌లోకి తెచ్చింది. ఆరుమూలల గడుల మీద 12 మంది కూలి సైనికులు. రైతుకూలీ, శవాలు పూడ్చేవాడు, కొరడాతో తన వీపు తానే చీరుకునే భక్తుడు, ఎవరైనా జట్టులో చేరవచ్చు. అందరికీ రోజుకూలి ఇవ్వాలి, తిండి పెట్టాలి. శత్రు పక్షాల్లో బాగా కుదిరినవాటిని పరిశీలిస్తే నా వాదన స్పష్టమవుతుంది. పురాతన మృతులు డాళ్లూ ఈటెలూ పట్టి వరుస చెడకుండా నడిచొస్తారు. వాళ్లకు భయం లేదు, అలసట లేదు, కాబట్టి ఎదుటివాడి ధైర్యం చెడగొట్టి గెలిచే మన పాత ఉపాయం అక్కడ చెల్లదు. గోబ్లిన్లు దగ్గరికి రారు, వలలు విసిరి, విషపు బాణాలు వేసి కాలయాపన చేస్తారు. జర్మన్ జానపదంలోని నాఖ్‌ట్సేరర్ అనే పిశాచం శవాలు తిని పెరుగుతుంది, కాబట్టి ఎవణ్ణి చంపామన్నదానితో పాటు ఎక్కడ చంపామన్నదీ లెక్కలోకి వస్తుంది. 2020 నాటి ఎడారి విస్తరణలో నగర రాజ్యాలు అప్పు తీర్చలేక బానిసలైనవాళ్లను ముందు వరుసలో నిలబెడతాయి. ఆ వరుసను కోసుకుంటూ పోయే ఆటగాడి చేతిలో కత్తి కొంచెం బరువెక్కుతుంది. ఇవన్నీ కొత్త ప్రశ్నలు. ముఖాలు ఆ ప్రశ్నలకు తొడుగులు.

అయితే తర్వాత వచ్చే ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయి? ఈ ఆటల నేపథ్యమంతా 14 నుంచి 17వ శతాబ్దం దాకా సాగిన మధ్య యూరప్ కిరాయి యుద్ధాలదే కనుక అక్కడికే వెళదాం. మొదట బోహీమియా బళ్ల దగ్గరికి. మతసంస్కర్త యాన్ హుస్‌ను సజీవదహనం చేశాక తిరగబడ్డ హుస్సైట్ల మీదికి 1420 నుంచి 1431 దాకా 5 సార్లు క్రూసేడు సేనలు దండెత్తాయి, 5 సార్లూ వెనుదిరిగాయి. వాళ్ల నాయకుడు యాన్ జిజ్కా రైతుల చేతికి రైతుల వస్తువులే ఇచ్చాడు. ధాన్యం నూర్చే కర్రకు ఇనుప మేకులు దిగ్గొట్టారు, సరుకు బండి పక్కలకు మందపాటి పలకలు వేలాడదీశారు. బండికి ఇరవైమంది దాకా: బల్లెంవాళ్లు, విల్లువాళ్లు, చేతితుపాకులవాళ్లు, నూర్పుకర్రలవాళ్లు, తోలేవాళ్లు. బళ్లను గొలుసులతో కలిపితే మైదానం నడుమ కోట లేచేది, విప్పితే ఆ కోటే కదిలేది. 1421 డిసెంబరులో కుట్నా హోరా దగ్గర చుట్టుముట్టిన శత్రువును ఆ బళ్లతోనే చీల్చుకుని బయటపడ్డారు. అప్పటికి జిజ్కాకు రెండు కళ్లూ లేవు. చివరికి వాళ్లను ఓడించింది ఆ బళ్ల గుట్టు తెలిసిన తోటి హుస్సైట్లతో కూడిన సేనే. 1434లో లిపానీ దగ్గర ఆ సేన ఓడి పారిపోతున్నట్టు నటించింది, బళ్లలోవాళ్లు తరుముతూ బయటికొచ్చారు, అంతే. ఒక పక్షానికి కావలసినదంతా ఈ ఒక్క కథలో ఉంది: శత్రువును తనమీదికి రప్పించుకోవడం దాని గెలుపు, గెలిచామనుకుని గోడ దాటడం దాని చావు. మేకలు వరుస విడిచిన క్షణమే పులికి తిండి అవుతాయని రచ్చబండ మీద కూర్చున్నవాళ్లకు తెలిసినదే.

రెండో పక్షం సైన్యం వెనక నడిచేది. జర్మన్ కిరాయి సేనల్లో దాన్ని ట్రోస్ అనేవారు: భార్యలు, పిల్లలు, వంటవాళ్లు, అమ్మకందార్లు, గాయాలు కట్టేవాళ్లు. 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్ఫయ్యేళ్ల యుద్ధంలో ఈ గుంపు తరచు సైనికుల సంఖ్యను మించేది. దీన్ని అదుపు చేయడానికి ప్రత్యేకంగా ఒక అధికారి ఉండేవాడు. ఆ బతుకు ఎలా ఉండేదో చూపే దినచర్య ఒకటి 1988లో బెర్లిన్ గ్రంథాలయంలో బయటపడింది. రాసినవాడు పీటర్ హాగెన్‌డోర్ఫ్ అనే మామూలు సైనికుడని పరిశోధకులు తేల్చారు. ఆ యుద్ధంలో అతను నడిచిన దూరం 20 వేల కిలోమీటర్లకు పైనే. 1631 మేలో మాగ్డెబుర్గ్ నగరం మీద దాడిలో అతనికి రెండు గుళ్లు తగిలాయి. శిబిరంలో పడుకోబెట్టారు, పక్కన జబ్బుపడ్డ బిడ్డ. నగరం తగలబడుతుండగా అతని భార్య, గాయాలకు కట్టు గుడ్డలూ పడుకోవడానికి దిండూ తేవాలని ఆ మంటల్లోకి నడిచింది. ఇళ్లు కూలిపోతున్నాయన్న కేక శిబిరందాకా వినిపించింది. తన గాయం కంటే ఆమె కోసమే ఎక్కువ తల్లడిల్లానని అతను రాసుకున్నాడు. గంటన్నర తర్వాత ఆమె తిరిగొచ్చింది. ఆ నగరానికే చెందిన ఒక ముసలామె దారి చూపి, పరుపుసామాను మోసుకొచ్చింది. ఒక పెద్ద కూజా నిండా ద్రాక్షసారా, రెండు వెండి మొలనూళ్లు, కొన్ని బట్టలు కూడా వచ్చాయి. ఆ విధ్వంసంలో మాగ్డెబుర్గ్‌లో 20 వేలమంది దాకా చనిపోయారు.

ఆ గంటన్నరను గడుల మీద పరిచి చూడండి. ఆయుధం లేదు, చంపాల్సిన శత్రువు లేడు, మంట మాత్రం ఎత్తుకొక గడి చొప్పున ముందుకొస్తుంది. ఎంత మోయగలం, ఎప్పుడు వెనుదిరగాలి, దారి తెలిసిన మనిషి దొరుకుతుందా అన్నవే లెక్కలు. ఆమె దోపిడీదారా, బాధితురాలా, నర్సా, తల్లా? అన్నీను. మంచీ చెడూ రెండు వరుసల్లో నిలబెట్టే పాత పద్ధతికి ఆమెను ఏ వరుసలో పెట్టాలో తెలియదు. డార్క్ ఫాంటసీ తనదని చెప్పుకునే లోకం సరిగ్గా ఇదే. సైన్యం ఓడినా ట్రోస్ బతికితే ఆ సైన్యం మళ్లీ లేస్తుంది. ట్రోస్ చెదిరితే గెలిచిన సైన్యం కూడా వారంలో విడిపోతుంది. టాక్టికల్ ఆటలు సైన్యాన్ని వందసార్లు చూపాయి, దాని ప్రాణం ఉన్న చోటును దాదాపు చూపలేదు.

మూడోది రోగం చుట్టూ పుట్టిన వృత్తి. 1630లో మిలాన్‌ను ప్లేగు కమ్మినప్పుడు ఇళ్లలోంచి రోగుల్ని లజరెత్తో అనే అంటురోగుల ఆశ్రయానికీ, శవాల్ని గోతులకూ మోసేవాళ్లను మొనాత్తీలు అనేవారు. వస్తున్నట్టు జనానికి తెలియడానికి కాలికి గంట కట్టుకునేవారు. ప్లేగు సోకి బతికినవాడికి అది మళ్లీ రాదన్న నమ్మకం వాళ్లను ఏ గుమ్మంలోకైనా పోనిచ్చేది. మూసిన ఇంట్లోకి వెళ్లే హక్కు ఉన్నవాళ్లు వాళ్లే కనుక దొంగతనాలూ బెదిరింపు వసూళ్లూ చేస్తున్నారన్న నింద కూడా వాళ్ల మీదే పడింది. ఆ రోజుల్ని ఇటలీ రచయిత మంజోనీ తన ప్రసిద్ధ నవలలో తిరిగి నిర్మించాడు. శవాలు లేచే లోకంలో ఇలాంటి వృత్తి ఎంత బలమైన పక్షమవుతుందో ఊహించడం కష్టం కాదు. పోరు జరిగేటప్పుడు వాళ్లు పక్కన నిలబడి ఉంటారు. వాళ్ల గెలుపు మోసుకెళ్లిన శవాల లెక్కలో ఉంటుంది. వాళ్లను ఆపితే శవాలు మైదానంలో మిగిలి మాంత్రికుడి చేతిలో పడతాయి, వదిలేస్తే మన మృతుల కవచాలు వాళ్ల బండెక్కుతాయి. ఆటగాడు ప్రతి ఎత్తులోనూ ఎవరితో బేరమాడాలో తేల్చుకోవాలి.

నాలుగోది జీతం ఆగిన దండు. 1360లో ఇంగ్లండు, ఫ్రాన్సు బ్రెటిన్యీ దగ్గర సంధి చేసుకోగానే వేలమంది సైనికులకు పని పోయింది. వాళ్లు స్వేచ్ఛా దళాలుగా ఏర్పడి ఆ ఏడాది చివరకే పోపు ఉండే అవిన్యోన్‌కు చేరువలోని పట్టణం పట్టుకున్నారు. 1576లో జీతాలందని స్పెయిన్ సైనికులు ఆంట్వర్ప్‌ను దోచారు. ఇది యూరప్‌కే పరిమితమైన రోగం కాదు. మరాఠా సేనల వెంట జీతం లేకుండా, దోపిడీయే జీతంగా తిరిగిన పిండారీలు, ఆ సేనల ఆసరా సడలాక తమ దారి తాము చూసుకుని 1816లో గుంటూరు సీమ మీద పడి పల్లెల్ని కొల్లగొట్టారు. మరుసటి ఏడాది కంపెనీ ప్రభుత్వం వాళ్ల మీద పెద్ద యుద్ధమే ప్రకటించింది. శాంతి కుదరడమే ఒక పక్షానికి పుట్టుకయ్యే విచిత్రం ఇది. ఆటలో దీన్ని పెడితే నిన్నటి మిత్రుడే రేపటి విపత్తవుతాడు, అతని కత్తి పట్టు, అతని బలహీనత మనకు ముందే తెలిసి ఉంటాయి. పైగా ఆటగాడి సొంత జట్టు రెండు వారాలు కూలి అందకపోతే అదే అవుతుంది. శత్రువులో తన ముఖం చూసుకోవడం కంటే భయంకరమైన రాక్షసుణ్ణి ఎవరూ గీయలేరు.

ఈ నాలుగింటికీ ఎదురు నిలిచే అయిదోదాన్ని దక్కను చరిత్ర ఇస్తుంది. దండయాత్రల కాలంలో సేనలకు ధాన్యం, ఉప్పు మోసినవాళ్లు బంజారాలు, మన లంబాడీలు. వేల ఎద్దుల తాండాలతో వాళ్లు నడిచేవారు. 1803లో మరాఠాల మీదికి వెళ్లిన ఆర్థర్ వెల్లస్లీ సేన తిండికి వాళ్ల మీదే ఆధారపడింది. ఎవరికి ధాన్యం అమ్మినా ఆ దారిని ఎదుటి సేన కూడా చాలావరకు వదిలేసేది, ఎందుకంటే రేపు దానికీ ఆ ఎద్దులే కావాలి. గెలుపు అంటే దారి తెరిచి ఉండటం, ఓటమి అంటే ఒక పక్షం పూర్తిగా గెలిచేయడం. యుద్ధం మధ్యలో ఇలా ఆలోచించే పక్షం ఏ ఆటలోనైనా మిగతా పక్షాలన్నిటి లెక్కలూ తారుమారు చేస్తుంది.

దీనికి మొదటి అభ్యంతరం సమతూకం గురించి వస్తుంది. ఒకడు చంపడానికి, ఒకడు పారిపోవడానికి, ఒకడు మోసుకెళ్లడానికి ఆడితే ఎవరు న్యాయంగా గెలిచారో ఎలా చెప్పడం? సరైన ప్రశ్నే. కానీ సమతూకానికి సమానత్వం షరతు కాదని ఆటల చరిత్ర ఎన్నోసార్లు రుజువు చేసింది. పులిజూదంలో 3కు 15, తబ్లుట్‌లో కాపలా 8కి ముట్టడి 16 అన్న లెక్కలు తరాల తరబడి ఆడి కుదుర్చుకున్నవి. అయినా అనుమానముంటే పక్షాలు మార్చుకుని రెండోసారి ఆడటం ఉండనే ఉంది. 1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ మూడు పక్షాలకు మూడు వేర్వేరు నిర్మాణ పద్ధతులు పెట్టి కూడా దక్షిణ కొరియాలో వృత్తి క్రీడగా ఎదిగింది. ఒంటరిగా కంప్యూటర్‌తో ఆడే ఆటల్లో ఈ బెంగ ఇంకా తక్కువ. అక్కడ శత్రువు న్యాయంగా ఉండాల్సిన పనిలేదు, అర్థమయ్యేలా ఉంటే చాలు. తాను ఎందుకు ఓడాడో ఆటగాడికి తెలియాలి. లక్ష్యం స్పష్టంగా ఉన్న పక్షమే ఆ విషయాన్ని బాగా చెప్పగలదు.

రెండో అభ్యంతరం, ఇందులో ఫాంటసీ ఏదని. బళ్లూ ఎద్దులూ శవాల మోతా చరిత్ర పాఠాలు గానీ అద్భుతాలు కావు కదా అంటారు. అద్భుతాన్ని తీసేయమని నేననడం లేదు. దాన్ని ఒక అవసరం మీద నాటమంటున్నాను. నాఖ్‌ట్సేరర్ నమ్మకం కూడా గాల్లోంచి పుట్టలేదు. అంటురోగంలో ఒకడి వెనక ఒకడుగా కుటుంబాలు పోతుంటే, ముందు పోయినవాడే మిగతావాళ్లను లాక్కుంటున్నాడనుకున్న జనం దుఃఖంలోంచి పుట్టింది. బళ్లకోటలోని నూర్పుకర్రకు ఒక శపథం ఆవహించనివ్వండి, మొనాత్తీ కాలిగంట చప్పుడు మృతుల్ని నిద్రపుచ్చనివ్వండి, తాండా దారికి ఒక దేవత కాపలా కాయనివ్వండి. ముందు ఆకలి, తర్వాత మంత్రం అన్న వరుస తప్పకపోతే ఆ మంత్రాన్ని ఎవరైనా నమ్ముతారు.

మూడోది నైతికమైన అభ్యంతరం, అన్నిటికంటే బరువైనది. ఆడవాళ్లూ పిల్లలూ కూలివాళ్లూ ఉన్న గుంపును యుద్ధ క్రీడలోకి తెస్తే వాళ్లను చంపడం కూడా ఆటవుతుందని భయం. ఇష్టమొచ్చినట్టు కోయడానికి ఓర్కులే మేలని కొందరంటారు. దీన్ని తిరగేసి చూడాలి. పుట్టుకతోనే చెడ్డదైన జాతి అన్న ఊహ ఆటల్లోనే ఉండిపోలేదు. రైళ్లూ రోడ్లూ వచ్చి బంజారాల రవాణా దెబ్బతిన్న 19వ శతాబ్దంలోనే, 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. లంబాడీలు, ఎరుకలవాళ్లు వంటి సమూహాల్లో మనిషి చేసిన పనితో నిమిత్తం లేకుండా పుట్టుకే నేరమైంది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ కాలంలో ఎరుకల కుటుంబాలకని పెట్టిన సెటిల్‌మెంటే. స్వతంత్రం వచ్చాక, 1952లో గానీ ఆ చట్టం దేశమంతటా పోలేదు. కాబట్టి ఒక పక్షాన్ని రక్తం వల్ల చెడ్డదని గీయడం అమాయకమైన సౌకర్యం కాదు, మన నేల మీద అమలైన ఒక అన్యాయపు ఊహకు అది నకలు. పరిస్థితి వల్ల, జీతం వల్ల, భయం వల్ల ఎదురుపడ్డ పక్షమైతే ఆటగాడికి చంపడం కాక ఇంకో దారి కూడా ఉంటుంది: దారి వదలడం, ధర చెప్పడం, వెనక్కి తగ్గడం. ట్రోస్ మీద కత్తి ఎత్తినవాడి సొంత జట్టు ధైర్యం అక్కడికక్కడే కుంగిపోయేలా నియమం రాయొచ్చు. ఆట నీతి బోధించనక్కర్లేదు, ఖరీదు చూపిస్తే సరిపోతుంది.

ఈ అయిదింట్లో ఒక్కటే ఎంచుకోమంటే నేను ట్రోస్‌నే ఎంచుకుంటాను. బళ్లకోట పోరాడే తీరును మారుస్తుంది, మొనాత్తీలు మైదానాన్ని మారుస్తారు, జీతం ఆగిన దండు మిత్రత్వాన్ని మారుస్తుంది, తాండా దారుల్ని మారుస్తుంది. ట్రోస్ అయితే యుద్ధం ఎవరికోసమన్న ప్రశ్ననే మారుస్తుంది. మేకలవారు ఒక్కో పిక్కనూ కూడలిలో పెడుతూ ఎలా ఆలోచిస్తారో అలా ఆలోచించే ఆట అది: దీని వెనక ఎవరున్నారు, ఇది కదిలితే ఎవరు బయటపడతారు అని. కాలిపోతున్న నగరంలో ఆటగాడి చేతికి ఒక స్త్రీని, ఒక ఖాళీ గోనెసంచిని ఇవ్వండి. ఊరి బయట శిబిరంలో గాయపడ్డ మగడినీ జ్వరపడ్డ బిడ్డనూ ఉంచండి. మంట ఎత్తుకొక గడి ముందుకు రానివ్వండి. ఆమె దిండూ కట్టుగుడ్డలతో వెనక్కి చేరితే, ఆ రాత్రి నగరం ఎవరి వశమైందన్నది ఆమె ఆటలో లెక్కలోకి రాదు.